లంబసింగి ఘాట్‌లో ఒక బోర్డు పెట్టండి

సంపాదకుడు గారికి,

డిసెంబరు వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున మూడింటికే లంబసింగి దారిలో కార్లు బారులు తీరుతున్నాయి. మొన్న మేమూ వెళ్లాం. చలిమంట పక్కన రాజ్‌మా అమ్ముకుంటున్న ఒక ముసలమ్మ, గింజలు కొలుస్తూనే, "ఈ రోడ్డు మా తాతోళ్లే ఏశారంట బాబూ. కూలి సరిగ్గా ఇచ్చీవోరు కాదంట" అంది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

ఆమె అన్నది నిజమే. 1879లో మన్యంలో లేచిన తిరుగుబాటును, అదే రంప పితూరీని, అణచడానికి మద్రాసు ప్రభుత్వం ఆరు పటాలాలను దించింది. దారుల్లేని అడవి, మన్యం జ్వరం ఆ సిపాయిలను ముప్పుతిప్పలు పెట్టాయి. బండి ఎక్కని కొండ మీద సర్కారు మాట ఎక్కడ సాగుతుంది? అందుకే రోడ్లు. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ లంబసింగి మీదుగా పోయే ఈ నర్సీపట్నం–చింతపల్లి దారి పనికి గిరిజనులను బలవంతంగా తోలించాడు. కూలి సరిగ్గా ముట్టేది కాదు, ఎదురు చెబితే దెబ్బలు. అప్పటికే అటవీ చట్టాలు పోడును, అంటే అడవి నరికి కాల్చి చేసుకునే సాగును, కట్టడి చేశాయి. తిండిగింజలు పండించుకోవాల్సిన చేతులు బండలు మోశాయి.

బాస్టియన్‌తో తగవుపడిన గాం గంటం దొర, తమ్ముడు మల్లు దొరతో కలిసి అల్లూరి సీతారామరాజు వెంట నడిచాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. పన్ను భారం, అడవి ఆంక్షలు ఎంత కారణమో, ఈ రోడ్డు వెట్టి కూడా అంతే కారణమని నా నమ్మకం.

రాజుకు భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహం పెట్టుకున్నాం, సంతోషం. బండలు మోసినవాళ్ల గురించి మాత్రం ఘాట్ పొడవునా నాకు ఒక్క బోర్డు కనిపించలేదు. సెల్ఫీ పాయింట్లకు మాత్రం బాణం గుర్తులున్నాయి.

జిల్లా అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఘాట్ మొదట్లో ఈ రోడ్డు కథ తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి. దానికంటే ముందు, చుట్టుపక్కల ఊళ్లలో ఆ ముసలమ్మ లాంటి పెద్దవాళ్లు చెప్పేది రికార్డు చేయించండి. వాళ్లకు ఎనభై దాటాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనకాపల్లి