ఎనిమిది దాటాక పూచీ ఎవరిది?

సంపాదకుల వారికి నమస్కారం.

పిల్లల చదువు ఊరందరి బాధ్యత అని ఒడిశాలోని మా పర్లాకిమిడి సభల్లో అందరూ అంటారు. దండలు వాడేలోపే మరిచిపోతారు, అది వేరే సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నేనెరిగిన ఒక బడిలో మీటింగు నోటీసు ఒడియాలోనే వస్తుంది. తెలుగు మాత్రమే చదవగల తల్లులు చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేస్తారు. కింద నాలుగు తెలుగు ముక్కలు రాస్తే ఏం పోయింది?

అసలు టెన్షన్ ఎనిమిదో తరగతి తర్వాత. ఆ చట్టం ఇచ్చిన ఉచిత చదువు హక్కు 14 ఏళ్లతో ఆగిపోతుంది. తొమ్మిదిలో లెక్కలు తప్పిన కుర్రాడు బట్టల కొట్లో చేరిపోతాడు. పదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని పనిలో పెట్టుకోబోమని మన వర్తకులు ఒక మాట అనుకోవాలి. రిటైరైన మాస్టార్లు సాయంత్రం గంటసేపు లెక్కలు, ఒడియా చెప్పాలి. పెళ్లిళ్లు లేని రోజుల్లో కల్యాణ మండపం ఖాళీయే కదా! కృష్ణచంద్ర గజపతి కాలేజీ, సెంచూరియన్ యూనివర్సిటీ విద్యార్థులు అప్పుడప్పుడూ వచ్చి ఐటీఐ, డిప్లొమా దారులు చెప్పినా మేలే. తెలుగు పుస్తకాలకు పక్కనే ఆంధ్రలో పాతపట్నం ఉంది. అడిగేవాళ్లే లేరు.

చందా పుస్తకంతో మాత్రం బయల్దేరొద్దు. ముందు హాజరుపట్టీ చూసి, వారం రోజులుగా బడికి రాని పిల్లాడి ఇంటికెళ్లే మనుషులు ఇద్దరు కావాలి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా