ఆ కాగితాలు వసూలు చేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ పిల్లల ఒత్తిడి తగ్గడానికి కాసేపు ధ్యానం చేయించి, ఆపైన ‘మీ మనసులో ఉన్నది రాయండి’ అని కాగితాలు పంచుదామని విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఎవరైనా అనుకుంటే మంచిదే. కానీ రాసినవి మళ్లీ వసూలు చేస్తే పడిన శ్రమంతా వృథా. వార్డెన్ చదువుతాడని తెలిశాక పిల్లవాడు ‘బాగా చదివి అమ్మానాన్నల పేరు నిలబెడతాను’ అని నాలుగు ముక్కలు రాసిచ్చి తప్పుకుంటాడు. ఎర్రసిరాతో ఒత్తులు దిద్దితే మర్నాడు అదీ రాయడు. రచన నేర్పే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

రాస్తే మనసు కుదుటపడుతుందని మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రామకోటి రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయితే రామకోటి ఒకే నామంతో ఆలోచనను ఒకచోట కట్టేస్తుంది. ఇక్కడ చేసేది కట్టు విప్పడం. అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 46 మంది విద్యార్థులను గుంపులు చేసి, వరసగా 4 రోజులు రోజుకు 15 నిమిషాలు రాయించి, ఆ ఫలితాలను 1986లో ప్రచురించారు. తమను కలచివేసిన సంగతినీ, దానిమీద తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఇదేదో సర్వరోగ నివారిణి అనుకోవద్దు. 2006లో ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి చూస్తే లాభం ఉందనే తేలింది, కాకపోతే చిన్నది. ఖర్చు ఒక పెన్ను, నాలుగు ఠావులు కాబట్టి ఆ చిన్న లాభమూ చేదేమీ కాదు.

నాలుగు రోజులూ ఇదే వరస: ముందు 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వదిలే ఊపిరి తీసుకునే ఊపిరికంటే పొడుగ్గా ఉండేలా చూసుకుంటూ ఊపిరులను 1 నుంచి 10 దాకా లెక్కపెట్టాలి. లెక్క తప్పితే మళ్లీ 1. ఆ తర్వాత ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూసుకోవాలి: గొంతులో అడ్డమా, గుండెమీద బరువా, కడుపులో తిప్పడమా? మొదటి వాక్యం దానిమీదే. అక్కడినుంచి 15 నిమిషాలు పెన్ను ఆగకూడదు. మాట తోచకపోతే చివరి వాక్యాన్నే తిరగరాస్తూ పోతే మూడోసారికి కొత్తది పడుతుంది. నోటుబుక్కుకంటే విడి కాగితాలు మేలు, చింపడం తేలిక. ఫోన్‌లో వద్దు. తెలుగు కీబోర్డు తన మాటలు తను అందిస్తుంటే మన మాట జారిపోతుంది.

‘టెన్షన్‌గా ఉంది’ అని మొదలుపెడితే పెన్ను అక్కడే ఆగిపోతుంది. ఆ ఒక్క మాట కింద ఎన్ని దాక్కున్నాయో చూడండి: పరీక్ష ముందు గుబులు, ఇంటిమీద బెంగ, పక్కవాడికి మార్కులొస్తే అక్కసు, ఎదురు చెప్పలేక ఉక్రోషం, అమ్మమీద అలక, పదిమందిలో తిట్టించుకున్న చిన్నతనం. బెంగకు ఇంటికో ఫోను కావాలి. ఉక్రోషానికి, ఆరోజు అనలేకపోయిన మాట కాగితంమీదన్నా అనేయడం కావాలి. పేరు సరిగ్గా పెడితే ఏం రాయాలో దానంతటదే తెలుస్తుంది. రాసేది ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. ‘మిక్కిలి దుఃఖించుచున్నాను’ అని రాసేవాడికి మార్కులొస్తాయేమో గానీ ఏడుపు రాదు.

ఎక్కువగా చెడేది ఇక్కడ: నాలుగు రోజులూ అదే ఫిర్యాదు, అవే మాటలు. అది గాయాన్ని గిల్లుకోవడం. మొదటిరోజు కాగితం, మూడోరోజు కాగితం పిల్లవాడే పక్కపక్కన పెట్టుకు చూసుకోవాలి. ‘ఎందుకంటే’, ‘అందుకే’, ‘ఇప్పుడర్థమైంది’ లాంటి మాటలు పెరుగుతుంటే రాత పనిచేస్తున్నట్టు. పెన్నెబేకర్ బృందం రాతల్లో మాటలు లెక్కపెట్టి చూసిన గుర్తు ఇదే. పెరగకపోతే ‘నేను’ తీసేసి ‘వాడు’ అనో ‘ఆ అమ్మాయి’ అనో రాయాలి, లేదా ఎదుటి మనిషి వైపునుంచి ఒక పేజీ.

రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుంది. ఒకటి రెండు గంటల్లో సాధారణంగా తేలికపడుతుంది. అందుకే పడుకోబోయే ముందు, పరీక్ష రోజు పొద్దున వద్దు. సాయంత్రం రాయించి కాసేపు ఆరుబయట నడవనివ్వండి. ఏదైనా సంగతి మరీ తట్టుకోలేనిదైతే దాన్ని వదిలి వేరేది రాసుకోవచ్చని ముందే చెప్పాలి. దెబ్బ తగిలిన వారంలోనే రాయించడమూ తప్పే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలో చేరినప్పుడు జనానికి ముందు కావలసింది తాగునీరు, పొడిబట్టలు, బురద ఎత్తే చేతులు. కాగితం, పెన్ను కొన్ని వారాలు ఆగగలవు.

కవిత దాకా వెళ్లాలనే సరదా ఉన్నవాళ్లు అయిదోరోజు రాతంతా చదువుకుని, కంటికి కనిపించే వస్తువున్న ఒక్క వాక్యం ఏరుకోవాలి. గుమ్మం ముందు ఎవరూ తియ్యని పాలప్యాకెట్ చాలు. దానిమీద 8 పంక్తులు రాసి, ‘బాధ’, ‘ఒంటరితనం’ అన్న మాటలు కొట్టేయాలి. కొట్టేశాక కూడా బాధ మిగిలితే అది కవిత. పోటీ పెట్టి బహుమతులివ్వడం మాత్రం వద్దు. మర్నాటినుంచి అందరికీ గెలిచే బాధలే వస్తాయి.

చచ్చిపోవాలనిపిస్తోందని ఏ పిల్లవాడైనా అంటే రాతతో సరిపెట్టకండి. వాణ్ణి ఒంటరిగా వదలకుండా ఇంటివాళ్లకు చెప్పి, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు ప్రతి గది తలుపుకీ అంటించండి.

ఇక ఆ కాగితాలు. ఎవరు రాసినవి వాళ్లే చింపి వాళ్లే చెత్తబుట్టలో వేయాలి. దాచుకుంటామంటే పెట్టెకు తాళం ఉండాలి, తాళంచెవి వార్డెన్ దగ్గర ఉండకూడదు.

భవదీయులు,
రచనా శిక్షకులు,
సత్యనారాయణపురం, విజయవాడ