రాత్రి ఆసుపత్రికి వెళ్లిన సంగతి

చిరంజీవి స్రవంతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నరసరావుపేటలో ఎండలు ముదిరాయి. పెరట్లో సపోటా విరగకాసింది కానీ కోతులు వదిలిపెట్టినవే మాకు దక్కుతున్నాయి. బుజ్జిగాడు ఇంటర్ గట్టెక్కాడు. నువ్వు పంపిన మోకాలి పట్టీని మీ అమ్మ బీరువాలో భద్రంగా దాచుకుంది, కాలికి మాత్రం వేసుకోదు. శ్యామల పిన్ని మొన్న వచ్చి ఒక పూట ఉండి వెళ్లింది. ఆవకాయ కుదిరిందంది. ఇంకా ఏవో చెప్పింది.

నువ్వు ఫోను చేసి చాలా రోజులయింది. పని ఎక్కువగా ఉందని అమ్మకు మెసేజీలు పెడుతున్నావు, చూస్తూనే ఉన్నాను. మేడమీద ట్యాంకు మార్పించాను. ప్రసాదు వాళ్ల గృహప్రవేశం వైశాఖంలో పెట్టుకున్నారు. నీకు సెలవు దొరకకపోతే వాళ్లకు నేను చెప్పుకుంటాను, రాత్రి ప్రయాణాలు మాత్రం పెట్టుకోవద్దు. రాత్రి అంటే గుర్తొచ్చింది. గుండె దడదడలాడుతోందని అర్ధరాత్రి దాటాక నువ్వూ నీ గదిలో అమ్మాయీ ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తారట. ఈసీజీ తీసి ఏమీ లేదని పంపేశారట. "నాన్నకు తెలియనివ్వకండి, ఆయన గుండెకు మంచిది కాదు" అన్నావట.

పిన్ని మీద కోపం తెచ్చుకోకు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

నాకు స్టెంటు వేసి ఏళ్లు గడిచాయి. మాత్రలు వేళ తప్పడం లేదు, పొద్దున నడక మానలేదు. నీ కబురు వింటే ఆగిపోయే గుండె కాదమ్మా ఇది. నీకు బాగాలేదని ఇంకొకరి నోట వినాల్సి రావడమే కష్టంగా ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అక్కడ అడిగే ఉంటారు. ఏం చెప్పావు? నాకు వచ్చింది 53వ ఏట. ఆ అంకె తప్పకుండా చెప్పాలి. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు వస్తే డాక్టర్లు దాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు. పెదనాన్న సంగతి కూడా చెప్పు. నీకు పూర్తిగా తెలియదు కాబట్టి రాస్తున్నాను.

1994 వేసవి. ఆయనకు 44 ఏళ్లు. హైదరాబాదు నైట్ సర్వీసు బస్సుకు డ్రైవరుగా వెళ్లాడు. మిర్యాలగూడలో టీకి ఆపినప్పుడే ఛాతీ మీద బండరాయి పెట్టినట్టుగా ఉందట. గోలీసోడా తాగాడు. ఆ చెమటలేమిటని కండక్టరు అడిగితే, మధ్యాహ్నం గారెలు తిన్నాను, గ్యాస్ అన్నాడు. మళ్లీ సీటెక్కాడు. మెడకు చుట్టుకున్న తువ్వాలు తడిసిపోతే ఒక చేత్తో కిటికీలోంచి బయటికి పిండి మళ్లీ చుట్టుకున్నాడట. మరికొంత దూరం పోయాక గేరు మార్చబోతే ఎడమ చెయ్యి లేవలేదు. అప్పుడు బండిని పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక వచ్చేవాళ్లకు కనబడాలని లైట్లు వెలుగుతూనే ఉంచి, ఆ తర్వాత స్టీరింగు మీద వాలిపోయాడు. బస్సులో ఒక్కరికి గీత పడలేదు. నా అన్న అలాంటి మనిషి. వెనక వస్తున్న లారీలో కండక్టరు ఆయన్ను ఆసుపత్రికి చేర్చాడు. ప్రాణం దక్కింది. టీకి ఆగిన చోటే చెప్పి ఉంటే గుండె కండరం ఇంత దెబ్బతినేది కాదని డాక్టరు అన్నారు. ఆ తర్వాత ఆయనకు స్టీరింగు ఇవ్వలేదు. మన మేడ మెట్లు సగం ఎక్కి, గోడమీది క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడి ఊపిరి తీసుకునేవాడు. నీ చిన్నప్పుడు నువ్వు చూసే ఉంటావు.

ఆయన రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు, నీకు 26 ఏళ్లు. ఆయన కథే నీ కథ అనుకుని భయపడమని రాయలేదు. నీ వయసు ఆడపిల్లలకు గుండెదడ రక్తహీనత వల్ల రావచ్చు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా రావచ్చు. పదో తరగతిలోనే నీకు రక్తం తక్కువన్నారు, ఇనుము మాత్రలు కిటికీలోంచి పారేసేదానివి. ముందు ఆ రెండు పరీక్షలు చేయించు. వాటితోపాటు బీపీ, కొలెస్ట్రాల్ కూడా. ఈసీజీకి చిక్కేది ఆ కొన్ని క్షణాల్లో గుండె కొట్టుకున్న తీరే. దడ వచ్చి పోతూ ఉంటే ఒక రోజంతా ఒంటికి తగిలించి గుండె కొట్టుకునే తీరు నమోదు చేసే హోల్టర్ అవసరమా అని, ఎకో అనే గుండె స్కానింగు తీయించాలా అని నోరు తెరిచి అడుగు. టెన్షన్ అని కొట్టిపారేస్తే అలాగేనని తలూపి వచ్చెయ్యకు.

సలహాలు రాయకూడదనే కూర్చున్నాను. ఇంకొక్కటి. రాత్రి పదింటికి ఫిల్టరు కాఫీ ఎవరైనా తాగుతారా? ఆ చేతి గడియారంలో గుండె వేగం మాటిమాటికీ చూసుకుంటున్నావట. కూర్చున్నప్పుడు 60 నుంచి 100 దాకా మామూలే. భయపడుతూ చూస్తే ఇంకా పెరుగుతుంది. 2021 అక్టోబరులో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు మీ బెంగళూరులో గుండె పరీక్షలకు జనం బారులు తీరారు. అప్పుడు నువ్వూ నిద్రపోలేదని నాకు తెలుసు. అలాగని పనిచేస్తున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో కళ్లు తిరిగి పడిపోయినా, నొప్పి దవడకో చేతికో పాకి చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని కూర్చోవద్దు. 108కి ఫోను చెయ్యి. తర్వాత నాకు. ఎంత రాత్రయినా సరే.

శుక్రవారం బస్సులో పార్సిల్ వేస్తున్నాను. కందిపొడి, నువ్వుల ఉండలు, ఖర్జూరం. పొడిలో ఉప్పు తగ్గించమని అమ్మకు చెప్పాను, చప్పగా ఉందని మళ్లీ కలుపుకోకు. సంచి అడుగున నా డిశ్చార్జి కాగితాల నకలు ఉంది, డాక్టరుకు చూపించు. అమ్మకు ఈ సంగతి ఇంకా తెలియదు, నువ్వే చెప్పాలి. ఆదివారం పొద్దున ఫోను చెయ్యి. తొమ్మిదింటి దాకా నడకకు వెళ్లను, నేనే ఎత్తుతాను.

నాన్న