పాత సైలెన్సర్ అడిగి తెచ్చుకోండి

సంపాదకులకు,

కారు మీటరులో పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగితే, కారు కంప్యూటర్లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి దాన్ని ఆర్పడాన్నే ఇప్పుడు రిపేరు అంటున్నారు.

మా అబ్బాయిది బీఎస్-6 పెట్రోలు కారు. శబ్దం గంభీరంగా ఉంటుందని జేసీ రోడ్డులో ఒక షాపులో ఇంజిన్ దగ్గర్నుంచి చివరిదాకా పైపంతా మార్పించాడు. మూడో రోజు లైటు వెలిగింది. షాపులో ఆర్పి పంపారు. మళ్లీ వెలిగింది. ‘కొత్త పైపు సార్, అలవాటు పడాలి’ అన్నారట. చెప్పులకైతే ఆ మాట చెల్లుతుంది.

నేను ఆర్టీసీ డిపోలో డీజిల్ బస్సుల మధ్య పనిచేసి రిటైరైనవాణ్ణి. సెన్సార్లు నాకు కొత్త. అయినా పొగ గొట్టం పొగ గొట్టమే కదా! ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి, చివర గుడ్డ అడ్డుపెట్టించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోశాను. ముందు జాయింటు దగ్గర మినపగింజలంత బుడగలు లేచాయి. అక్కడ లీకుంటే బయటి గాలి దూరి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సార్ తప్పు చదువుతుంది. గాస్కెట్ మార్చి, లైటు ఆర్పించి, హోస్కోటె దాకా వెళ్లొచ్చాం. రాలేదని సంబరపడ్డాను. మర్నాడు వచ్చింది. ఆర్పాక కారులోని కంప్యూటర్ మళ్లీ పరీక్ష చేసుకునేదాకా ఊరుకుంటుందని అప్పుడు తెలిసింది.

అబ్బాయి ఫోనుకు కలిపే చిన్న స్కానర్ కొన్నాడు. వచ్చిన కోడ్ పీ0420, అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. పొగలోని విషవాయువుల్ని తగ్గించే ఈ కెటలిటిక్ కన్వర్టర్‌కు ముందొక సెన్సార్, వెనకొకటి ఉంటాయి. ముందుదాని రీడింగ్ ఊగినా వెనకదాని రీడింగ్ నిలకడగా ఉండాలి. మాకు రెండూ కాడెద్దుల్లా జతగా ఊగుతున్నాయి. కిందికి దూరి చూస్తే కన్వర్టరే లేదు! మొదటి రోజే దూరి చూడాల్సింది, సబ్బునీళ్ల ధ్యాసలో పడ్డాను.

పాతది ఇమ్మంటే స్క్రాప్‌లో వేసేశామన్నారు. ప్లాటినం, పలాడియం, రోడియం ఉండే వస్తువది! పైగా వెనక సెన్సార్‌ను పొగకు కాస్త దూరం జరిపే స్పేసర్ అనే ముక్క బిగిస్తే లైటు రాదని సలహా. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా ఉంది. అది పడేది బండి యజమాని మీద, షాపు మీద కాదు.

మీ వాహనాల పేజీలో మెరిసే సైలెన్సర్ల ఫొటోలు వేస్తుంటారు. పక్కనే రెండు ముక్కలు వేయండి: లైటు ఆర్పేముందు కోడ్ నంబరు బిల్లు మీద రాయించుకోవాలి, విప్పిన పాత భాగాన్ని డిక్కీలో వేయించుకోవాలి. మావాడు కంపెనీ కన్వర్టర్‌కు ఆర్డరిచ్చాడు. అదొచ్చేదాకా ఆఫీసుకు మెట్రోలో వెళ్తున్నాడు.

– ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్, కుందలహళ్లి, బెంగళూరు