జనగణనలో మతం గడి నింపేటప్పుడు

సంపాదకులకు నమస్కారం.

'హిందూ' గుర్తింపు మీద చర్చ మొదలైతే రెండే వాదనలు వినబడతాయి. అది తెల్లవాళ్లు అంటించిన పేరని ఒకరు, అనాదిగా ఇంతేనని మరొకరు. శాసనాల ముందు రెండూ నిలబడవు.

విజయనగర రాజుల బిరుదుల్లో 'హిందూరాయ సురత్రాణ' (హిందూ రాజుల్లో సుల్తాను) 14వ శతాబ్దంలోనే, బుక్కరాయల కాలానికే కనిపిస్తుంది. కాబట్టి ఆ పేరు తెల్లవాళ్లు అంటించింది కాదు. అయితే అదే బుక్కరాయలు 1368లో తీర్చిన, శ్రవణబెళగొళ శాసనంలో ఉన్న తగవు చూడండి. వాదీ ప్రతివాదులు జైనులు, శ్రీవైష్ణవులు. 'హిందువులు' అనే పక్షమే అక్కడ లేదు. రాజు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ (సంప్రదాయాలకూ) భేదం లేదన్నాడు. అంతటితో వదిలిపెట్టలేదు, ఖర్చు లెక్క కూడా రాయించాడు. జైనులు ఏటా ఇంటికో హణం (ఆనాటి నాణెం) ఇవ్వాలి, దాంతో బెళగొళ దేవుడికి ఇరవైమంది కాపలా భటులను పెట్టాలి, మిగిలిన సొమ్ముతో పాడుబడ్డ జినాలయాలకు సున్నం వేయించాలి. ఈ పని చూడాల్సింది తిరుమల తాతయ్య, అంటే ఒక వైష్ణవుడు! బిరుదులో హిందూ ఉన్నా, జనం తమను తాము చెప్పుకోవడానికి సంప్రదాయం పేరే వాడుకున్నారు.

ఒక మనిషికి ఒకే మతం అన్న పట్టుదల జనగణనతో బిగుసుకుంది. 1911 లెక్కలప్పుడు జనగణన కమిషనర్ ఇ.ఎ. గేట్ 'హిందువులు' అని రాసినవారిని పరీక్షించడానికి కొన్ని గుర్తులు ఇచ్చాడు: వేదప్రామాణ్యం ఒప్పుకోరా, బ్రాహ్మణ పురోహితుడు రాడా, గుడి లోపలికి రానివ్వరా, శవాన్ని పూడుస్తారా, ఇలాగ. గుడిలోకి రానివ్వనిది ఒకరైతే, దాన్ని లెక్కగట్టింది బయట నిలబడ్డవాడి ఖాతాలో!

స్వతంత్ర భారతం వేరే దారి పట్టింది. 1955 హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్‌లో వీరశైవులు, బ్రహ్మసమాజీలు, ఆర్యసమాజీలు ఉన్నారు. బౌద్ధులు, జైనులు, సిక్కులూ ఉన్నారు. ఇక ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదులు కాని మిగతావారికీ చాలావరకు అదే వర్తిస్తుంది. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు మాత్రం వర్తించదు. కాబట్టి వివాహ చట్టంలోని హిందువు, జనగణనలోని హిందువు ఒకరే కావాలని లేదు. జైనుడికి పెళ్లి విషయంలో హిందూ చట్టమే, జనగణనలో మాత్రం వేరే మతం కోడ్ (సంఖ్య).

2011 జనగణన షెడ్యూలులో (ప్రశ్నావళిలో) ఆరు మతాలకు కోడ్లు ఉండేవి, మిగతావాటికి పూర్తి పేరు రాయాలి. సర్నా (ఒక ఆదివాసీ మతం) అని రాయించుకున్నవారు ఆ లెక్కల్లో సుమారు 49 లక్షలు. తప్పులు జరిగేది ఎక్కువగా గుమ్మం దగ్గరే. ఎన్యూమరేటరు (వివరాలు రాసుకునే ఉద్యోగి) ఇంటి పెద్ద పేరు చూసి 1, అంటే హిందువు కోడ్, వేసేస్తాడు, మిగతావాళ్లకూ అదే దించేస్తాడు. నిబంధన ప్రకారం మాత్రం ఒక్కొక్కరి గురించీ విడిగా అడగాలి, చెప్పిందే రాయాలి, పేరును బట్టి ఊహించకూడదు.

ఇంకో భయం, అక్కడ చెప్పింది రేపు కుల ధ్రువపత్రానికి అడ్డొస్తుందేమోనని. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలు గోప్యం, సివిల్ దావాల్లో సాక్ష్యంగా చెల్లవు. రానున్న జనగణన శిక్షణలో ఈ రెండు విషయాలకూ కాస్త సమయం కేటాయించాలని అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాం.

ఇట్లు,
చరిత్ర పాఠకులు కొందరు