డయాలసిస్ రోగులకు టీకా వేస్తే సరిపోదు

సంపాదకుల వారికి,

ఉద్దానంలో డయాలసిస్ పడకలు పెరిగాయి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, సంతోషమే. అయితే కవిటి నుంచి వారానికి రెండుసార్లు మా నాన్నగారిని డయాలసిస్‌కు తీసుకువెళ్లే నాకు ఒక లోటు కనిపిస్తోంది. ఆయన టీకా కార్డులో, కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ అయిన హెపటైటిస్‌-బి టీకా డోసులు నాలుగింటికీ ముద్రలున్నాయి, వాటి పక్కన యాంటీబాడీల (టీకా వల్ల రక్తంలో పుట్టే రక్షక పదార్థాల) గడి మాత్రం ఖాళీగానే ఉంది. అడిగితే, "సూదులన్నీ అయిపోయాయి కదా" అన్నారు.

మూత్రపిండాలు పనిచేయక రక్తంలో మలినాలు పేరుకున్నప్పుడు రోగనిరోధక కణాలు మందగిస్తాయి కనుకనే, ఆరోగ్యవంతులైన పెద్దలకు 20 మైక్రోగ్రాముల చొప్పున మూడు డోసులు చాలుతుండగా, డయాలసిస్ రోగులకు 40 మైక్రోగ్రాముల చొప్పున 0, 1, 2, 6 నెలల్లో నాలుగు డోసులు వేస్తారు. అప్పటికీ కొందరిలో స్పందన రాదు, వచ్చినవారిలోనూ త్వరగా తగ్గిపోతుంది. ఆరోగ్యవంతుల్లో యాంటీబాడీలు తగ్గినా రోగనిరోధక వ్యవస్థ జ్ఞాపకం కాపాడుతుంది. డయాలసిస్ రోగుల విషయంలో ఆ భరోసా పెట్టుకోలేం. అందుకే చివరి డోసు తరువాత ఒకటి రెండు నెలలకు, ఆపై ఏటా, రక్తపరీక్ష చేసి, యాంటీబాడీలు మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్ల కంటే తక్కువ ఉంటే బూస్టర్ వేయాలి.

రక్తం యంత్రంలో తిరిగే చోట ఈ వైరస్ ఒకరి నుంచి మరొకరికి సోకే ప్రమాదముంది. నెలనెలా ఎలాగూ రక్తం తీస్తున్నారు. ఏడాదికోసారి ఈ పరీక్షనూ అందులో కలిపి, ఫలితాన్ని కార్డులో రాసి ఇవ్వాలని జిల్లా ఆరోగ్య అధికారులను కోరుతున్నాను.

— ఒక రోగి కుమారుడు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా