మా బేకరీ ఓవెన్‌కు మళ్లీ గాలి ఆడేలా చేసిన పెద్దాయనకు, ఆ రోజుల్లో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

ఒంగోలు కర్నూలు రోడ్డులోని మా చిన్న బేకరీలో గ్యాస్ ఓవెన్ డిసెంబరు రెండవ వారంలో పూర్తిగా ఆగిపోయింది. అప్పటికి మా పుస్తకంలో నాలుగు వందలకు పైగా క్రిస్మస్ కేకుల ఆర్డర్లు ఉన్నాయి. ఈ ఊళ్లో బేకరీ నడిపేవారికి ఏడాది పంట చేతికొచ్చేది ఆ పది పదిహేను రోజుల్లోనే కనుక, ఆ సమయంలో మమ్మల్ని ఆదుకున్నవారికి నలుగురి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలనుకుంటున్నాను. అందరికంటే ముందు చెప్పవలసింది టంగుటూరు నుంచి నాలుగు రోజులు బస్సులో వచ్చి వెళ్లిన ఒక పెద్దాయనకు. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఆయన మా నాన్నగారికి పాత స్నేహితులు. పొగాకు రీడ్రైయింగ్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు.

నిజానికి నవంబరు నుంచే ఓవెన్ తేడాగా ఉంది. నీలంగా నిలకడగా ఉండవలసిన మంట పసుపు కొసలతో ఊగేది, పొగగొట్టం మూతి నల్లబడింది, బర్నర్ ఒకసారి వెలిగితే మరోసారి ఎర్రలైటు పడి నిలిచిపోయేది. మేము పిలిపించిన మెకానిక్ రెగ్యులేటర్ మార్చి, నాజిల్ శుభ్రం చేసి, స్పార్కు ఇచ్చే కొత్త ఎలక్ట్రోడ్ వేశాడు. తొమ్మిది వేలు ఖర్చయినా బర్నర్ వెలగకపోయేసరికి, గాలి ఒత్తిడిని కనిపెట్టే స్విచ్చిని తప్పించి వైరు నేరుగా కలిపేద్దామన్నాడు. ఆర్డర్ల తొందరలో నేనూ సరేనన్నాను. వైరు ముక్క చేతిలో ఉండగానే పెద్దాయన లోపలికి వచ్చారు.

"అబ్బయ్యా, స్పార్కు చప్పుడు ఎప్పుడైనా విన్నావా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. మళ్లీ స్టార్ట్ చేసి అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నారు. బర్నర్‌లోకి గాలి ఊదే బ్లోయర్ తిరిగింది, కాసేపటికి ఎర్రలైటు పడింది. మధ్యలో స్పార్కు చప్పుడే లేదు. ఇటువంటి బర్నర్‌లో ముందు బ్లోయర్ తిరిగి, గాలి చాలినంత వస్తోందని స్విచ్చి ఒప్పుకుని, లోపల మిగిలిన గ్యాస్ బయటికి పోయాకే స్పార్కు, ఆ తర్వాతే గ్యాస్ వాల్వ్, చివరికి మంట ఉందో లేదో చూడడం వరుసగా జరుగుతాయని, మన బర్నర్ స్పార్కు దాకా రానే లేదు కనుక గ్యాస్‌నూ ఎలక్ట్రోడ్‌నూ అనుమానించడం దండగని ఆయన చెప్పినప్పుడు, నెల రోజులుగా మేము ఎక్కడ వెతుకుతున్నామో అర్థమైంది. వైరు కలిపి ఉంటే గాలి లేకుండానే గ్యాస్ వదిలేదని, పదే పదే రీసెట్ బటన్ నొక్కడం కూడా అంతే ప్రమాదమని మందలించారు.

తాపీ పనివాళ్లు మట్టం చూసుకునే పారదర్శక గొట్టాన్ని రెండు మూరలు తెప్పించి, యూ ఆకారంలో చెక్కకు కట్టి, నీళ్లు పోసి, బ్లోయర్ గాలి ఎంత ఎత్తు నీటిని నెడుతోందో స్కేలుతో కొలిచారు. స్విచ్చి 30 మిల్లీమీటర్ల దగ్గర పనిచేసేలా పెట్టి ఉంది. మాకు వచ్చింది 18. బ్లోయర్ విప్పితే రెక్కల గుంటలన్నీ మైదా దుమ్ము, నూనె ఆవిరి కలిసి, వర్షాల తేమకు ముద్దకట్టి, సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. రెక్కలు వంగకుండా, తూకం కోసం పెట్టిన చిన్న క్లిప్పులు ఊడకుండా బ్రష్షుతో ఒక పూటంతా శుభ్రం చేయించారు. 27 వచ్చింది. మోటారుకు ఊపునిచ్చే కండెన్సర్‌ను మీటరుతో చూస్తే 4 మైక్రోఫారడ్లు ఉండవలసింది రెండున్నర కూడా లేదు. కొత్తది వేశాక మోటారు పూర్తి వేగం అందుకుని 38కి చేరింది. అయినా స్విచ్చి ఒకసారి పలికి ఒకసారి పలకలేదు. దాని లోపలి పొర బిగుసుకుపోయింది, గాలిని దానికి చేర్చే సన్న గొట్టానికి పగులు ఉంది. అదే రకం స్విచ్చి చెన్నై నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చేదాకా ఓవెన్ ముట్టుకోవద్దని ఆయన పట్టుబట్టారు. అది వచ్చి బిగించాక, బర్నర్‌లోకి వెళ్లే గాలిని హెచ్చించి తగ్గించే తలుపును కొద్దికొద్దిగా జరుపుతూ మంటను నీలానికి తెచ్చారు.

అంతటితో వెళ్లిపోతారనుకున్నాను. అగరుబత్తి ఒకటి అడిగి, వెలిగించి, పొగగొట్టం మొదట్లో ఉన్న సందు దగ్గర పట్టుకున్నారు. పొగ గొట్టంలోకి పోవలసింది, గదిలోకి వెనక్కి వచ్చింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపిస్తే సరిగ్గా లోపలికి పోయింది. కింది వెంటిలేటర్‌కు అడ్డంగా మేము మైదా బస్తాలు పేర్చడంతో గదిలోకి గాలి రావడానికి దారి లేక, ఆ ఫ్యాన్ పొగగొట్టంలోని గాలినే లాగుతోందని తేలింది. సిలిండర్ గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ ఒక పాలు మండడానికి సుమారు 24 పాళ్లు, బ్యూటేన్‌కు 31 పాళ్లు గాలి కావాలట. "పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కూడా కింద కంతలు పెడతారు గదా, నువ్వు బస్తాలు పెట్టావేం?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నేను ఆయనకు నిజంగా రుణపడింది ఇక్కడే. మా దగ్గర రాత్రి పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు నెలగా తలనొప్పి, వికారం అంటుంటే నిద్ర చాలక అనుకున్నాం. ఆ మాట వినగానే పెద్దాయన ముఖం మారింది. సిలిండర్ గ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది గానీ, సరిగా మండని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవని చెప్పి, వారిద్దరినీ ఆ పూటే డాక్టరు దగ్గరికి పంపించారు. బస్తాలు తీసి, వెంటిలేటర్‌కు జాలీ పెట్టి, ఓవెన్ సరిచేశాక వారికి తలనొప్పి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాం.

ఓవెన్ ఆగిన వారం రోజులూ రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు తమ ఓవెన్‌ను మాకు వదిలేసిన లాయర్‌పేట బేకరీ యజమానికి, మాకు పోటీదారు అయి ఉండి కూడా గ్యాస్ ఖర్చు తప్ప పైసా తీసుకోనందుకు, నమస్కారాలు. ఆదివారం దుకాణం తెరిచి కండెన్సర్ ఇచ్చిన సంతపేట వైండింగ్ షాపు అన్నకు, పార్సిల్ దిగగానే ఫోన్ చేసిన బస్టాండు కుర్రాడికి కృతజ్ఞతలు. పెద్దాయన కూలి తీసుకోలేదు. బస్సు చార్జీలు తీసుకున్నారు, ఒక ప్లమ్ కేకు తీసుకుని దాని ధర గల్లాపెట్టె మీద పెట్టి వెళ్లారు. ఇరవైన అందవలసిన కేకులు ఇరవై మూడున అందినా ఒక్క మాట అనని ముప్పై ఆరు కుటుంబాలవారికి కూడా ఇక్కడే మా క్షమాపణలు, కృతజ్ఞతలు.